నలభై అడుగుల బండికి ఏ లైసెన్స్?
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మోటర్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన బండి, దీన్నే ఆర్‌వీ అనీ అంటారు) కొనేముందు బెడ్రూములు, సోలార్ పలకలు, స్లయిడ్‌లు (బయటికి జరిగే గోడ భాగాలు) అన్నీ చూస్తారు. దాన్ని నడపడానికి తమ లైసెన్స్ సరిపోతుందా అన్న ప్రశ్న మాత్రం చాలామందికి డబ్బు కట్టేశాకే వస్తుంది. ఈసారి శీర్షికంతా దానికే ఇస్తున్నాం. అమెరికా నుంచి వచ్చిన ప్రశ్నలే ఎక్కువ, చివర్లో ఇంగ్లండ్, విజయవాడ కూడా ఉన్నాయి.

ప్రశ్న: నేనూ మా బావగారూ కలిసి వాడిన డీజిల్ పుషర్ (వెనక డీజిల్ ఇంజన్ ఉండే మోటర్‌హోమ్) ఒకటి కొనబోతున్నాం. 38 అడుగులు, ఎయిర్ బ్రేకులు. "ఆర్‌వీకి సీడీఎల్ అక్కర్లేదు, మామూలు లైసెన్స్‌తో ఇంటికి తోలుకుపోండి" అని డీలరు అంటున్నాడు. వెనక కారు కూడా కట్టుకుందామనుకుంటున్నాం. ఇద్దరం హెచ్1బీ మీద ఉన్నాం. డీలరు మాట నమ్మొచ్చా? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఆయన మాటలో మొదటి సగం నిజం, రెండోది చాలావరకు కాదు. సీడీఎల్ (కమర్షియల్ డ్రైవర్ లైసెన్స్) అనేది వ్యాపార వాహనాలు నడిపేవాళ్ళ కోసం. సొంత కుటుంబంతో విహారానికి వాడే మోటర్‌హోమ్‌కి కేంద్ర నిబంధనలు సీడీఎల్ అడగవు. అయితే మామూలు లైసెన్స్ ఏ బరువుదాకా చెల్లుతుందో తేల్చేది రాష్ట్రం. టెక్సస్‌లో మీ చేతిలో ఉన్న క్లాస్ సీ కార్డు 26,000 పౌన్ల దాకానే. జీవీడబ్ల్యూఆర్ (బండికి తయారీదారు పెట్టిన గరిష్ఠ బరువు) 26,001 పౌన్లు, అంటే సుమారు 11,794 కిలోలు తగిలిందంటే క్లాస్ బీ కావాలి. అది సీడీఎల్ కాని క్లాస్ బీ, వ్యాపారేతర వాడకానికి ఇచ్చేది. పేర్లు దగ్గరగా ఉండటంతో డీలర్లూ కొనేవాళ్ళూ రెండింటినీ కలిపేస్తుంటారు.

జీవీడబ్ల్యూఆర్ అంటే బండి ఇవాళ తూకంలో ఎంత తూగిందన్నది కాదు. బండి సొంత బరువు, సామాను, నీళ్ళు, ఇంధనం, మనుషులు అన్నీ కలిపి ఎంతవరకు ఉండొచ్చని తయారీదారు ప్రకటించిన పరిమితి అది. డ్రైవరు సీటు దగ్గర ఎడమవైపు గోడకో తలుపు చట్రానికో అతికించిన చిన్న లేబుల్ మీద ఉంటుంది. ట్యాంకులు ఖాళీ చేసి కాటా మీద 25,000 తూగించినా, లేబుల్ మీద 32,000 అని ఉంటే క్లాస్ బీ తప్పదు. డబ్బు మాట ఎత్తకముందే ఆ లేబుల్‌ని ఫోనులో ఫోటో తీసుకోండి. పెట్రోలుతో నడిచే పెద్ద మోటర్‌హోమ్‌లు ఎక్కువగా ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్ మీద వస్తాయి. దాని గరిష్ఠ పరిమితి 26,000 పౌన్లు కాబట్టి అవి గీత దాటవు. 38 అడుగుల డీజిల్ పుషర్లు మాత్రం చాలావరకు దాటే ఉంటాయి.

కారు సంగతికొస్తే, వెనక కట్టే బండి జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌన్లు మించకపోతే క్లాస్ బీ చాలు. మామూలు కార్లు, జీపులు ఆ అంకెకు చాలా కింద ఉంటాయి. 10,000 మించిన ట్రెయిలర్ తగిలించి, మొత్తం 26,000 దాటితే క్లాస్ ఏ అడుగుతారు.

దరఖాస్తు టెక్సస్‌లో లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసులో. సీడీఎల్ నుంచి మినహాయింపు కోరుతున్నామని, బండి సొంత విహారానికేనని అక్కడే రాసివ్వాలి. కళ్ళ పరీక్ష, రాత పరీక్ష, చివర్న రోడ్డు పరీక్ష ఉంటాయి. టెక్సస్ కమర్షియల్ డ్రైవర్ల హ్యాండ్‌బుక్‌లో సీడీఎల్ అక్కర్లేని క్లాస్ ఏ, బీ వాళ్ళకని విడిగా ఒక అధ్యాయం ఉంది. కారు పుస్తకం చదివి వెళ్ళినవాళ్ళు రాత పరీక్షలోనే తప్పుతున్నారు.

అసలు చిక్కు రోడ్డు పరీక్ష దగ్గర. ఆ తరగతి బండి మీరే తేవాలి. 26 అడుగుల సామాను ట్రక్కు అద్దెకు తెచ్చి పరీక్షిద్దామని కొందరు అనుకుంటారు, కుదరదు. మామూలు లైసెన్స్ ఉన్నవాళ్ళూ అద్దెకు తీసుకునేలా ఆ ట్రక్కుల పరిమితిని 26,000 పౌన్ల లోపే పెడతారు. కాబట్టి సొంత బండిలోనే వెళ్ళాలి, పక్క సీట్లో ఆ తరగతి లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి. సీడీఎల్ ఉన్న స్నేహితుడు ఉంటే ఆ రోజుకు సెలవు పెట్టించండి. లేకపోతే ఆర్‌వీ నడపడం నేర్పే శిక్షకుణ్ణి రెండు రోజులకు మాట్లాడుకోండి. ఆ ఖర్చు వృథా కాదు, ఒక్క స్లయిడ్ తగిలితే అయ్యే మరమ్మతు దానికన్నా ఎక్కువ. కొన్న రోజున డీలరు దగ్గర నుంచి ఇంటికి తెచ్చేదీ అలాంటి మనిషే కావాలి. బండి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు పరీక్షకు వెంట ఉంచుకోండి.

హెచ్1బీ అడ్డు కాదు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళకు టెక్సస్ ఇచ్చే కార్డు గడువు మీ అనుమతి గడువుతోనే ముగుస్తుంది, క్లాస్ బీ వచ్చినా అంతే. నాన్-డొమిసైల్డ్ సీడీఎల్‌ల (తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు ఇచ్చే సీడీఎల్‌ల) మీద 2025లో కేంద్రం తెచ్చిన ఆంక్షలు చూసి కంగారుపడ్డారేమో, అవి సీడీఎల్‌కి సంబంధించినవి. మీరు అడిగేది సీడీఎల్ కాదు. కౌంటర్ దగ్గర "కమర్షియల్" అన్న మాట నోటి నుంచి రానివ్వకండి, దరఖాస్తు వేరే దారిన పడుతుంది.

ఇంకొకటి. పండగలకో పెళ్ళిళ్ళకో ఇతర కుటుంబాలను డబ్బు తీసుకుని తిప్పితే ఈ మినహాయింపు పోతుంది. డ్రైవరుతో కలిపి 16 మంది కూర్చునేలా కట్టిన బండిని అద్దెకు తిప్పితే, బరువు ఎంతైనా సీడీఎల్ కావాల్సిందే. మీరూ మీ బావగారూ ఇద్దరూ నడుపుతామంటే ఇద్దరికీ క్లాస్ బీ ఉండాలి. ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోతే, లేనివారు స్టీరింగ్ పట్టిన సమయంలో ఆ బండికి లైసెన్స్ లేని డ్రైవరు కిందే లెక్క. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది అదే.

ప్రశ్న: క్లాస్ బీ రోడ్డు పరీక్షకు తయారవుతున్నాను. ఇరవై ఏళ్ళుగా కారు నడుపుతున్నా. ఎయిర్ బ్రేకులంటేనే భయం. ఎక్కడ తప్పుతారు? (హ్యూస్టన్, టెక్సస్)

జవాబు: ముందు మలుపు సంగతి చెప్పాలి, ఎక్కువమంది తప్పేది అక్కడే. బస్సు ముఖంలాంటి పెద్ద మోటర్‌హోమ్‌లో ముందు చక్రాలు మీ సీటుకు వెనకాల ఉంటాయి. కారు అలవాటుతో కుడివైపు తిప్పితే వెనక చక్రం కాలిబాట ఎక్కుతుంది. పరీక్షలో అది ఘోరమైన తప్పు. మీ శరీరం అడ్డరోడ్డు అంచు దాటి ముందుకు వెళ్ళిందనిపించేదాకా తిన్నగా పోనిచ్చి, అప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పండి. అదే సమయంలో వెనక ఇరుసుకు అవతల వేలాడే భాగం ఎదురువైపుకు ఊగుతుంది. మీరు కుడికి తిరిగితే తోక ఎడమ లేన్‌లోకి వస్తుంది. పెట్రోలు బంకుల్లో స్తంభాలకు గీసుకునేది ఈ తోకే. ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ స్థలానికి వెళ్ళండి. తోక మూల కింద ఒక శంకువు, వెనక చక్రం పక్కన ఒకటి పెట్టి పూర్తిగా తిప్పి చూడండి. తోక ఎంత ఊగుతుందో, చక్రం ఎంత లోపలికి కోసుకొస్తుందో కళ్ళారా కనబడుతుంది. ఈ రెండు కొలతలూ మీ బండికి ఎంతో తెలుసుకున్నాకే రోడ్డెక్కండి.

ఇక ఎయిర్ బ్రేకులు. కారులో ద్రవం చేసే పనిని ఇక్కడ గాలి చేస్తుంది. పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది మాత్రం స్ప్రింగు. గాలి ఉన్నంతసేపూ స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, గాలి పోతే స్ప్రింగు విచ్చుకుని బ్రేకు పడుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే కింది తనిఖీ అంతా దానంతటదే గుర్తుంటుంది.

సమతలం మీద ఆపి చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజన్ ఆన్ చేసి ఒత్తిడి పెరగనివ్వండి. 85 నుంచి 100 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) 45 సెకన్లలోపు చేరాలి. అంతకంటే ఆలస్యమైతే కంప్రెసర్‌ని చూపించాలి. 120 నుంచి 140 మధ్య ఎక్కడో గవర్నరు అనే నియంత్రణ భాగం కంప్రెసర్‌ని ఆపేస్తుంది, బుస్సుమని గాలి వదిలిన చప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడు ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, పసుపు నాబ్ లోపలికి నొక్కి పార్కింగ్ బ్రేకు వదలండి. పెడల్ తొక్కకుండా ఒక నిమిషం చూడండి, సూది 2 పీఎస్ఐ మించి పడకూడదు. తర్వాత పెడల్ గట్టిగా తొక్కిపట్టి ఇంకో నిమిషం, ఇక్కడ 3 మించకూడదు. ఆ తర్వాత పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి ఖర్చు చేయండి. 60 దగ్గర హెచ్చరిక దీపమో బజరో రావాలి, 55కి దిగినా రాకపోతే బండి కదపకూడదు. ఇంకా తొక్కుతూ పోతే 45కీ 20కీ మధ్య పసుపు నాబ్ టప్పున దానంతటదే బయటికి రావాలి. రాకపోయినా బండి రోడ్డెక్కకూడదు. చేస్తున్న ప్రతి పనినీ పరీక్షకుడికి వినబడేలా చెబుతూ చేయండి. మౌనంగా చేస్తే చేసినట్టు ఆయనకు తెలియదు.

మోటర్‌హోమ్‌లు నెలల తరబడి కదలకుండా ఉంటాయి. రబ్బరు సీళ్ళు ఎండిపోయి గాలి జారుతుంది, ట్యాంకుల్లో తేమ చేరుతుంది. అందుకే పరీక్షకు పది రోజుల ముందే ట్యాంకుల నీరు వదలండి, ఎయిర్ డ్రయర్ చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. ఉదయాన్నే పరీక్ష పెట్టుకుని అప్పుడే లీకు కనిపెట్టినవాళ్ళకు ఆ రోజు అక్కడితో సరి.

ఏటవాలుగా కిందికి దిగే రోడ్ల మీద బ్రేకు పెడల్‌ని అదేపనిగా తొక్కిపట్టొద్దు. తక్కువ గేరులో ఉంచి, అనుకున్న వేగానికి చేరగానే గట్టిగా తొక్కి గంటకు 5 మైళ్ళు తగ్గించి పూర్తిగా వదిలేయండి. మళ్ళీ ఆ వేగానికి రాగానే అలాగే చేయండి. వదిలిన కాసేపట్లో డ్రమ్ములు చల్లబడతాయి. చిన్నగా తొక్కుతూ ఉంచితే వేడెక్కి పట్టు సడలిపోతుంది.

పరీక్షకు కారు తగిలించుకుని వెళ్ళొద్దు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగే కారుతో వెనక్కి నడపకూడదు. దాని ముందు చక్రాలు ఎటుపడితే అటు తిరిగి స్టీరింగ్ భాగాలూ టో బారూ (కారును బండికి తగిలించే కడ్డీ) వంగిపోతాయి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో బరువు కాదు పొడవు చూస్తారని విన్నాం. నిజమేనా? మేం చూసిన మోడల్ పేరులోనే 40 అని ఉంది. (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: నిజమే. మోటర్‌హోమ్‌ని అక్కడి చట్టం హౌస్ కార్ అంటుంది. 40 అడుగులు, అంతకు తక్కువ పొడవు ఉంటే మామూలు క్లాస్ సీ చాలు, బరువు ఎంతైనా సరే. 40 దాటి 45 దాకా ఉంటే నాన్‌కమర్షియల్ క్లాస్ బీ. మోడల్ పేరులో 40 ఉన్నంత మాత్రాన పొడవు 40 అనుకోవద్దు, ఆ పేరుతో 40 అడుగుల 10 అంగుళాల బళ్ళు ఉంటాయి. తయారీదారు ఇచ్చే స్పెసిఫికేషన్ పత్రంలో మొత్తం పొడవు ఎంతో చూసుకోండి. ఆ పది అంగుళాలే మీ పరీక్షలన్నిటికీ కారణం కావచ్చు.

క్లాస్ బీకి డీఎంవీలో (అక్కడ లైసెన్సులిచ్చే శాఖ) రాత పరీక్ష, కళ్ళ పరీక్ష, బండి తనిఖీతో కలిపి డ్రైవింగ్ పరీక్ష ఉంటాయి. డీఎంవీ ఆర్‌వీల కోసం వేసిన హ్యాండ్‌బుక్ ఉంది, చదవాల్సింది అదే. డీఎల్ 546 అనే ఆరోగ్య ప్రశ్నావళి నింపివ్వాలి, ఆ తర్వాత కూడా రెండేళ్ళకోసారి ఇస్తూ ఉండాలి. ఒకసారి లైసెన్స్ వచ్చాక ఈ ప్రశ్నావళి మరిచిపోయేవాళ్ళు చాలామంది, క్యాలెండర్‌లో రాసుకోండి.

40 అడుగులు మించిన మోటర్‌హోమ్‌కి రాష్ట్రంలోని అన్ని రోడ్లూ తెరిచి ఉండవు. నడవదగిన రూట్ల పటాన్ని రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ ప్రచురిస్తుంది. ప్రయాణం అనుకున్నప్పుడు ముందు చూడాల్సింది అదే. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే కొండదారులూ సముద్రపు అంచు రోడ్లూ దాంతో సరిచూసుకుని తీరాలి. కారు కట్టుకుంటే బండీ కారూ కలిపి 65 అడుగులు మించకూడదు. 45 అడుగుల బండి వెనక టో బారు, కారు కొలిచి చూస్తే మిగిలేది చాలా తక్కువ. లాగుతున్నప్పుడు వేగ పరిమితి 55 మైళ్ళు, ఖాళీ ఫ్రీవే మీద కూడా.

మీరు అడగకపోయినా, ఫిఫ్త్ వీల్ (పికప్ ట్రక్కు వెనక తొట్టిలో తగిలించి లాగే ఇంటి ట్రెయిలర్) వైపు మొగ్గేవాళ్ళకు ఒక మాట. 10,000 పౌన్లు దాటి 15,000 దాకా ఉన్న ఫిఫ్త్ వీల్‌కి క్లాస్ సీ మీద ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) చాలు, అది రాత పరీక్షతో వస్తుంది. 15,000 దాటితే నాన్‌కమర్షియల్ క్లాస్ ఏ.

ప్రశ్న: మా మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. వేసవికి మా దగ్గరికి వస్తున్నారు. మా దగ్గర క్లాస్ బీ లైసెన్స్ కావాల్సిన మోటర్‌హోమ్ ఉంది. ఆయన హెవీ లైసెన్స్‌తో నడపొచ్చా? (ఆస్టిన్, టెక్సస్)

జవాబు: ఆయన చేతిలో ఉన్న నైపుణ్యం మీ అందరికంటే ఎక్కువే. బస్సు మలుపూ ఎయిర్ బ్రేకూ ఆయనకు కొత్తగా నేర్పక్కర్లేదు. చూడాల్సింది కాగితాలు. ముందు ఆయన కార్డు మీద ట్రాన్స్‌పోర్ట్ గడువు తేదీ చూడండి. రిటైరయ్యాక చాలామంది దాన్ని రెన్యువల్ చేయించరు. దాని గడువు ఐదేళ్ళే, కారుకు సంబంధించిన గడువు వేరు. అది చెల్లుబాటులో ఉంటేనే, బయల్దేరేముందు ఆర్టీఏలో ఫారం 4ఏతో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి దరఖాస్తు చేయించండి. ఫీజు వెయ్యి రూపాయలు, గడువు ఏడాది. పాస్‌పోర్ట్, వీసా చూపించాలి. పర్మిట్ పుస్తకంలో బండి రకాలకు విడివిడి గళ్ళుంటాయి. 3,500 కిలోల లోపు కార్లకు బీ, అంతకు మించిన సరుకు బళ్ళకు సీ, ఎనిమిది సీట్లు మించిన ప్రయాణికుల బళ్ళకు డీ. బీ గడిలో మాత్రమే ముద్ర ఉంటే మీ బండికి పనికిరాదు.

ఆ తర్వాత మీ ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, ఆయన్ని డ్రైవరుగా చేర్చుకుంటామని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాట చాలదు. వాళ్ళు ఒప్పుకోకపోతే మీ బండి ఆయనకు ఇవ్వకండి, అంతకంటే ఆయన పక్కన కూర్చుని మీకు మెలకువలు చెప్పడమే మేలు. ఆయన సరదాపడితే అద్దె మోటర్‌హోమ్ చూడండి. అద్దెకిచ్చేవాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఈ-450 లాంటి చాసిస్ మీదవి, దాని పరిమితి 14,500 పౌన్లు. వాటికి మామూలు లైసెన్స్ సరిపోతుంది. ఎడమవైపు స్టీరింగ్, కుడివైపు ప్రయాణం కాబట్టి మొదటి గంట మాత్రం ఊరి బయట నడపనివ్వండి.

ప్రశ్న: మాది ఫ్లోరిడా లైసెన్స్. 30,000 పౌన్ల బండితో నార్త్ కరొలైనా, పెన్సిల్వేనియా మీదుగా వెళ్ళాలి. అక్కడ క్లాస్ బీ అడుగుతారంటున్నారు. నిజమేనా? (టాంపా)

జవాబు: అక్కడ నివసించేవాళ్ళను అడుగుతారు. మీ సొంత రాష్ట్రం ఆ బండికి మీ లైసెన్స్ చాలునంటే, మిగతా రాష్ట్రాలు దాన్ని గౌరవిస్తాయి. ఫ్లోరిడాలో సొంత విహారానికి వాడే ఆర్‌వీకి అక్కడి మామూలు లైసెన్స్ అయిన క్లాస్ ఈ సరిపోతుంది. మకాం మార్చినప్పుడే లెక్క మారుతుంది. టెక్సస్‌కి మారితే 90 రోజులు, కాలిఫోర్నియాకైతే 10 రోజుల్లో కొత్త లైసెన్స్ తీసుకోవాలి, అక్కడి తరగతి ప్రకారమే. మేరీలాండ్, నెవాడా, వయోమింగ్‌లలోనూ 26,000 పౌన్లు దాటితే నాన్‌కమర్షియల్ క్లాస్ బీ ఉంది. న్యూయార్క్‌లో అదే బరువుకి ఆర్ ఎండార్స్‌మెంట్ అంటారు. పన్ను కలిసొస్తుందని బండిని మాంటానా కంపెనీ పేరు మీద రిజిస్టర్ చేయించినా, డ్రైవరు లైసెన్స్ మీరు ఉండే రాష్ట్రానిదే.

ప్రశ్న: 5 టన్నుల మోటర్‌హోమ్ కొంటున్నాం. నా యూకే లైసెన్స్ 2009లో వచ్చింది. అది చాలా? (మాంచెస్టర్)

జవాబు: మీ కేటగిరీ బీ 3,500 కిలోల దాకానే. 5 టన్నులకు సీ1 కావాలి, అది 7,500 కిలోల దాకా పనికొస్తుంది. 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష పాసైనవాళ్ళకు సీ1 దానంతటదే వచ్చింది, అందుకే మీ స్నేహితుల్లో పెద్దవాళ్ళు పరీక్ష లేకుండా నడుపుతూ ఉండొచ్చు. వాళ్ళకూ 70 ఏళ్ళు రాగానే అది ఆగిపోతుంది, ఉంచుకోవాలంటే వైద్య పరీక్ష చేయించుకోవాలి.

మీరు డీ2 ఫారం, డాక్టరు నింపే డీ4 ఫారం పంపి ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ళ లైసెన్స్) తెచ్చుకోండి. థియరీలో 100 ప్రశ్నలకు 85 రావాలి. ప్రమాద సూచనల వీడియో పరీక్షలో 100కి 67. ఆపై 3ఏ అనే రివర్స్ పరీక్ష, 3బీ అనే రోడ్డు పరీక్ష. డ్రైవింగ్ వృత్తిగా చేసేవాళ్ళకు ఉండే డ్రైవర్ సీపీసీ అర్హతను అంటగట్టే శిక్షణ సంస్థలుంటాయి. సొంత వాడకానికి అది అక్కర్లేదు, దానిలోని మాడ్యూల్ 2కి, 4కి డబ్బు కట్టొద్దు.

ప్రశ్న: పాత బస్సు కొని కుటుంబం కోసం క్యారవాన్ చేయించాలనుకుంటున్నాను. కారు లైసెన్స్ చాలదా? (విజయవాడ)

జవాబు: బండి మొత్తం బరువు 7,500 కిలోలు మించనంత వరకు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల లైసెన్స్, అంటే మీ కారు లైసెన్స్) చాలు. ఎల్ఎంవీ ఉన్నవాళ్ళు ఆ బరువులోపు ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపడానికి వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చేసింది. టెంపో ట్రావెలర్ సైజు బళ్ళు ఈ లెక్కలోకి వచ్చేస్తాయి. పెద్ద బస్సు చాసిస్ రాదు. దానికి ట్రాన్స్‌పోర్ట్ తరగతి తీసుకోవడమే భద్రం. 20 ఏళ్ళు నిండి, ఎల్ఎంవీ చేతికొచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి. డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 జతచేయాలి. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత పరీక్ష.

అయితే మీ విషయంలో లైసెన్స్ కంటే ముందు ఆర్‌సీ చూసుకోవాలి. సీట్లు పీకి మంచాలు, వంటగది, నీళ్ళ ట్యాంకు బిగిస్తే అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వచ్చే మార్పు. ముందుగా ఆర్టీఏ అనుమతి లేకుండా చేయకూడదు. క్యారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం కట్టే బాడీ బిల్డరునే ఎంచుకోండి. గ్యాస్ సిలిండరు ఎక్కడ పెడుతున్నాడో, ఆ అరకు గాలి బయటికి పోయే దారి కింది వైపు ఉందో లేదో స్వయంగా చూడండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలమట్టంలోనే పేరుకుంటుంది. పని పూర్తయ్యాక ఆర్‌సీలో బండి తరగతి, బరువు కొత్తవి నమోదయ్యాయో చూసుకుని, ఆ కాపీని ఇన్సూరెన్స్ వాళ్ళకు పంపించండి.